లెక్క ఏఐ మోడల్ నోట కాదు, ప్రోగ్రాం చేత చేయించు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవి అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. మొన్న ఆదివారం వరండాలో నువ్వు చూపించిందే ఇంకా ఆలోచిస్తున్నాను. "నువ్వు పైథాన్‌లో రౌండ్ ఫంక్షన్‌వి, జవాబు మాత్రమే చెప్పు" అని ఏఐ చాట్ మోడల్‌కి 2.5 ఇచ్చావు. రౌండ్ అంటే దగ్గరి పూర్ణసంఖ్యకి సవరించడం. 3 అంది. నీకూ కరెక్టే అనిపించింది. ల్యాప్‌టాప్‌లో రన్ చేస్తే 2 వచ్చింది. పైథాన్ 3 అనే ప్రోగ్రామింగ్ భాషలో సరిగ్గా సగం వస్తే దగ్గరి సరిసంఖ్యకి పోతుంది, అందుకే 3.5కి 4. జావాస్క్రిప్ట్ అనే ఇంకో భాషలో 2.5కి 3. బడిలో చెప్పేదీ 3 అనే. మోడల్ చదివిన రాతల్లో ఇవన్నీ కలిసిపోయి ఉంటాయి.

అది లెక్క కట్టదమ్మా. ముందున్న మాటల్ని బట్టి తర్వాత ఏ ముక్క రావచ్చో చూసి పేరుస్తుంది. రెండు వర్గమూలం అడిగితే 1.41421356 అని టకటకా చెబుతుంది, ఎన్నోసార్లు చూసిన సంఖ్య కాబట్టి. అదే 73914.6కి అడుగు. మొదటి అంకెలు సరిపోవచ్చు, తోక మాత్రం అల్లేస్తుంది.

నాకు భయం అక్కడే. డ్రాయింగ్ ఆఫీసులో చేరిన కొత్తలో, 45 డిగ్రీల వాలులో పెట్టే రెండు మీటర్ల కమ్మీకి ఎత్తు కట్టాను. కాలిక్యులేటర్ డిగ్రీల్లో కాక, కోణానికి ఇంకో కొలత అయిన రేడియన్లలో ఉండిపోయింది. సైన్ విలువ 0.7071 రావాల్సింది 0.8509 వచ్చింది. ఎత్తు 1.414 మీటర్ల బదులు 1.70 అయింది. చూడ్డానికి ఏ తేడా లేదు, నేనూ అనుమానించలేదు. ఆ ఎత్తుకి ప్లేటు కోశాక తెలిసింది. మైనస్ వచ్చి ఉంటే అప్పుడే దొరికేది. నమ్మబుద్ధేసే తప్పు అంత ప్రమాదం.

కాబట్టి జవాబు అడక్కు, "ప్రోగ్రాం రాసి రన్ చేసి చెప్పు" అను. నిజంగా రన్ చేసిందో లేదో చూసుకో. ఆ సదుపాయం లేకపోతే కోడ్ తీసుకుని నువ్వే రన్ చెయ్యి.

ఫంక్షన్‌లా నటింపజేయడం నేర్చుకోవడానికైతే మంచిదే. ఏ భాష, కోణం డిగ్రీలా రేడియన్లా, రుణసంఖ్యకి వర్గమూలం అడిగితే ఏం చెయ్యాలి, అన్నీ ముందే రాసివ్వు. పైథాన్ మ్యాథ్ మాడ్యూల్ అక్కడ ఎర్రర్ ఇస్తుంది, జావాస్క్రిప్ట్ 'నాన్' (NaN), అంటే 'సంఖ్య కాదు' అంటుంది. తర్వాత మెట్లు చూపించమను. 17 వర్గమూలానికి 4తో మొదలుపెట్టి, 4నీ 17/4నీ కూడి సగం చేస్తే 4.125. దానితో మళ్ళీ అలాగే చేస్తే 4.123106. రెండే అడుగుల్లో అసలు విలువ 4.1231056కి ఆనుకుంది చూడు! ఇలా మెట్టు మెట్టూ రాస్తే తప్పు ఏ మెట్టు దగ్గరుందో నీకే తెలుస్తుంది.

వచ్చే ఆదివారానికి ఒక పని. మైనస్ 7ని 3తో భాగిస్తే శేషం పైథాన్‌లో 2, సీ (C) భాషలో మైనస్ 1. ఎందుకో ముందు కాగితం మీద నువ్వు చేసి, తర్వాత మోడల్‌ని అడిగి, రెండూ పట్టుకురా.

ప్రేమతో,
మావయ్య