కమాండ్ కోర్సుకు వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మీ మావయ్య ఆశీర్వదించి వ్రాయునది. జలాంతర్గామి కమాండ్ కోర్సుకు నీ పేరు వచ్చిందని నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పి, నేను సంతోషపడేలోపే ఏడ్చింది. 2013 ఆగస్టు 14న ముంబయిలో సింధురక్షక్ జలాంతర్గామి పేలి 18 మంది పోయినప్పుడు, నిన్ను ఈ దారి పట్టనివ్వవద్దని నన్ను బతిమాలింది. సర్దిచెప్పినవాణ్ణి నేనే కనుక, ఇప్పుడు నా గర్వం ఎంతో నా దిగులూ అంతే.

విశాఖ ఆర్కే బీచిలో పాత జలాంతర్గామి కురుసురను మ్యూజియంగా తెరిచిన కొత్తలో నిన్ను తీసుకువెళితే, గుండ్రటి ద్వారాల దగ్గర రెండుసార్లు తల కొట్టుకుని కూడా, ఆ 91 మీటర్ల పొడవునా ఏ చక్రం తిప్పితే ఏమవుతుందని అడుగుతూనే ఉన్నావు. అందుచేత ప్రతి వాల్వునూ చీకట్లో తడిమి గుర్తుపట్టాలని నీకు చెప్పనక్కరలేదు. బ్యాటరీ చార్జింగు వేళ గాలిలో హైడ్రోజన్‌ను, నిప్పు తగిలితే అంటుకునే 4 శాతం దరిదాపులకు రానివ్వకు. దొరికిన గంటైనా నిద్రపో.

నా భయమంతా లోతు నుంచి పెరిస్కోపు నీటిపైకి అందే ఎత్తుకు వచ్చే ఆ కొద్ది నిమిషాల గురించే. నేను కమాండులో ఉన్న రోజుల్లో, గోదావరి వరదనీరు బంగాళాఖాతం మీద పరుచుకునే కాలంలో, ఒక రాత్రి రేడియో సందేశం అందుకునే వేళ దగ్గర పడింది, బ్యాటరీ కూడా తగ్గింది; రెండింటికీ పైకి రాక తప్పదు. నీటిలోని చప్పుళ్లు వినే సోనార్ దగ్గర కూర్చున్న ఇరవయ్యేళ్ల కుర్రవాడు, "సార్, కుడివైపు ముందు చిన్న ఇంజను వినిపించి ఆగిపోయింది" అన్నాడు. నేను "సరే" అన్నాను. ఆగిపోవడమంటే దూరంగా వెళ్లిపోవడమని నా తొందర నాకు చెప్పింది. వల వేసి, ఇంజను ఆపి, దీపం లేకుండా తేలుతున్న కొయ్య పడవ ఏ చప్పుడూ చేయదని ఈ తీరంలో పుట్టిన నాకు తెలియదా?

పైన ఉప్పు తక్కువ నీటిలోకి వచ్చేసరికి మన బోటు, అంటే జలాంతర్గామి, బరువెక్కుతుంది కనుక, ట్యాంకుల్లోని నీటిని కొంత బయటికి తోడించి పైకి తెచ్చాను. పెరిస్కోపులో మొదట కనిపించినది అద్దం నిండా ఒక పడవ పక్క, దాని అంచున పొయ్యి మీదికి వంగిన మనిషి. వెంటనే దిగమని అరిచాను. కానీ నీరు తోడించి తేలిక చేసిన బోటును కింది చిక్కటి ఉప్పునీరు పైకి నెడుతోంది. మళ్లీ నీరు నింపుకుని అది కదిలేదాకా కంట్రోల్ రూములో అందరం, కొయ్య విరిగే చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి విన్నాము. ఆ చప్పుడు రాలేదు. పడవలోని వాళ్లకు ఆ రాత్రి ఏమీ తెలియకపోయి ఉంటుంది.

తరువాత ఆ కుర్రవాణ్ణి పిలిచి, రెండోసారి ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు సరే అన్నారు కదా సార్" అన్నాడు. నేను విన్నాననే నమ్మకంతో వాడు ఊరుకున్నాడు. ఆ తరువాత నా కమాండు ముగిసేదాకా, పైకి వచ్చే ముందు సోనార్ దగ్గరి వాడి మాటను నా నోటితో తిరిగి చెప్పి, నాకు అర్థమైనది సరైనదేనా అని వాణ్ణే అడిగేవాణ్ణి. దానికి పట్టేది అర నిమిషం. మంచి కమాండరుకు ధైర్యం, లెక్క, సముద్రజ్ఞానం అన్నీ ఉండాలి, నిజమే. కానీ అందరికంటే చిన్నవాడు తనకు చెడ్డ కబురు రెండోసారి చెప్పగలగాలి.

ఇది నీకే ఎందుకు రాస్తున్నానో తెలుసా? అవతలివాళ్ల మాట పూర్తి కాకముందే "తెలుసు మావయ్యా, తెలుసు" అనడం నీకు చిన్ననాటి నుంచీ ఉంది. బుర్ర చురుకైనదని ముచ్చటపడి మేమెవ్వరమూ మందలించలేదు. ఆ తప్పు మాది. మీ అమ్మ ఫోను చేసినప్పుడు కూడా దాని భయాన్ని మధ్యలో తుంచకు, చివరిదాకా విను.

కోర్సుకు వెళ్లేముందు ఒక్క రాత్రి మా ఇంట్లో ఉండు నాన్నా. తెల్లవారుజామున జాలరిపేట ఒడ్డుకు వెళ్దాం. ఇంజను ఆపిన పడవ చీకట్లో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నీకు చూపిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య