పలాస ఇంటి చిరునామాతో జీఎస్టీ: అభ్యంతరం ఎందుకు వచ్చిందంటే

జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేస్తే అభ్యంతరం వచ్చింది, ఎందుకని అడిగారు. అది ఇంటి కాగితాల దగ్గరే ఆగి ఉంటుందండి. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి పలాసలో ఇంటి నుంచే జీడిపప్పు అమ్ముతున్నానన్నారు. ఇల్లు నాన్నగారిది, మీరు జతచేసింది కరెంటు బిల్లు ఒక్కటే. మీకూ ఆ ఇంటికీ సంబంధమేమిటో అధికారికి ఎలా తెలుస్తుంది?

1. నాన్నగారితో సమ్మతి పత్రం రాయించండి. "ఈ ఇంట్లో మా అబ్బాయి వ్యాపారం చేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు" అని రాసి సంతకం పెడితే చాలు. చాలామంది వదిలేసేది దీన్నే. మన ఇంటికి మనకు అనుమతేమిటి అనుకుంటారు!

2. కరెంటు బిల్లు ఇంకా తాతగారి పేరునే ఉంటే (మన వైపు ఇది మామూలే) నాన్నగారి పేరున్న ఇంటి పన్ను రసీదు పెట్టండి. డోర్ నంబరు దరఖాస్తులో, రసీదులో, పత్రంలో ఒకేలా ఉండాలి. అడ్డగీత తేడా కూడా రానివ్వకండి.

3. ఆర్‌ఈజీ-03 (అధికారి అభ్యంతరం తెలిపే ఫారం) నోటీసు వచ్చాక 7 పనిదినాల్లోగా ఆర్‌ఈజీ-04 (దానికి జవాబు ఫారం)లో జవాబివ్వండి.

ఏడాదికి 40 లక్షల లోపు అమ్మకాలకు జీఎస్టీ అక్కర్లేదన్న మీ స్నేహితుడి మాట శ్రీకాకుళం, విశాఖల్లో నేరుగా అమ్మేంతవరకు సరే. హైదరాబాద్ ఇప్పుడు పొరుగు రాష్ట్రం. అక్కడి కొనుగోలుదారులకు పంపితే మొదటి కిలో నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. కాంపోజిషన్ పథకం (చిన్న వ్యాపారులు అమ్మకాలపై తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) మాత్రం ఎంచుకోకండి, అందులో రాష్ట్రం దాటి అమ్మే వీలు లేదు.

రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ రుసుమేమీ ఉండదు.