మెడ తిప్పింది క్లినిక్‌లో, కేస్ షీట్‌లో మాత్రం సిలిండర్

ప్రశ్న: సర్, మాది తెనాలి. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. మెడనొప్పి తగ్గట్లేదని విజయవాడలో ఒక ఫ్యామిలీ క్లినిక్‌కి వెళ్ళాను, కైరోప్రాక్టిక్ (వెన్ను, మెడ కీళ్ళని చేత్తో సర్దే పద్ధతి), మసాజ్ రెండూ చేస్తామని బోర్డు ఉంది. పది సిట్టింగులు ప్యాకేజీ 8,000 అన్నారు, ఫోన్‌పే చేశాను. మూడో సిట్టింగ్‌లో, 2024 ఆగస్టు 19న, మెడ పట్టుకుని ఒక్కసారిగా పక్కకి తిప్పారు, టక్కున సౌండ్ వచ్చింది. ఆ రాత్రికే కుడి చెయ్యి మొద్దుబారింది. అప్పుడే రిసెప్షన్ అమ్మాయికి వాట్సాప్ పెట్టాను, ఐస్ పెట్టండి తగ్గిపోద్ది అంది. మర్నాడు గుంటూరులో ఆస్పత్రిలో చేరితే డిస్క్ బయటికొచ్చింది అన్నారు, ఆపరేషన్ అయింది. ఇప్పటికీ కత్తెర పట్టుకోలేను. మసాజ్‌కి వెళ్ళానని తెలిస్తే అత్తయ్య గొడవ చేస్తుందని మా వారు ఆస్పత్రిలో సిలిండర్ ఎత్తుతుంటే పట్టేసిందని చెప్పారు. క్లినిక్ వాళ్ళు సెటిల్ చేస్తాం చేస్తాం అని తిప్పుతున్నారు. వాళ్ళని వదలకూడదు సర్. నోటీస్ ఇస్తే కేసు వేసే టైమ్ ఆగుతుందంట కదా? మా ఆడపడుచు భర్తకి ఆ ఆస్పత్రిలో తెలిసినాయన ఉన్నాడు, కేస్ షీట్‌లో ఆ సిలిండర్ ముక్క మార్పిస్తానంటున్నాడు.

జవాబు: అమ్మా, మీరు మూడు పేజీలు రాశారు, పైన వేసింది అందులో అసలు ముక్క మాత్రమే. క్లినిక్ వాళ్ళ పొగరు, మీ ఇంటి గొడవలు, రాత్రుళ్ళు ఏడ్చింది, ఇవేవీ కన్స్యూమర్ కమిషన్ (వినియోగదారుల కోర్టు) ముందు పనికిరావు. మీ కేసు నిలబడేదీ పడిపోయేదీ ఆ సిలిండర్ దగ్గరే, దాన్ని మీరు ఏదో దారిన పోతూ చెప్పినట్టు ఒక్క లైన్లో చెప్పి వెళ్ళిపోయారు.

ఎదుటి లాయర్ మీ కంప్లైంట్ కన్నా ముందు చదివేది అడ్మిషన్ రోజు డ్యూటీ డాక్టర్ రాసుకున్న హిస్టరీనే. నొప్పి ఎలా మొదలైంది అన్నదానికి పేషెంట్ వైపు వాళ్ళు అప్పటికప్పుడు చెప్పిన మాట అది, అప్పటికి కేసూ లేదు నష్టపరిహారమూ లేదు, కాబట్టి దాని మీద నమ్మకం ఎక్కువ. బరువు ఎత్తితే నొప్పి మొదలైంది అని అక్కడ ఉంటే, క్లినిక్ వాళ్ళు మెడ తిప్పలేదు అని కూడా వాదించక్కర్లేదు, తిప్పాం, కానీ డిస్క్ జారింది సిలిండర్ వల్ల అంటే చాలు. డిస్క్ దానంతటదే కూడా జారొచ్చు. అత్తగారికి భయపడి డాక్టర్‌కి అబద్ధం చెప్పడం ఏంటమ్మా అసలు, వైద్యం చేసేవాడికి తప్పు కారణం చెబితే కేసు మాట అటుంచండి, ట్రీట్‌మెంటే తేడా కొట్టొచ్చు.

ఇక ఆ మార్పించే పని. ఆ తెలిసినాయన్ని ఈ రోజే వద్దనండి. కేస్ షీట్ ఒక్క కాగితం కాదు, నర్సుల నోట్స్, డిశ్చార్జ్ సమ్మరీ, ఇన్సూరెన్స్‌కో ఆరోగ్యశ్రీకో పంపిన కాపీ, ఇన్ని చోట్ల ఉంటుంది, ఒక చోట దిద్దితే మిగతావి మిమ్మల్నే పట్టిస్తాయి. కన్స్యూమర్ కమిషన్‌లో విచారణంటే చట్టం దృష్టిలో జ్యుడీషియల్ ప్రొసీడింగే, అక్కడ దొంగ సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత కింద ఏడేళ్ళ దాకా పడొచ్చు. ఇప్పుడు మీరు బాధితురాలు, ఆ ముక్క దిద్దించారంటే ముద్దాయి.

దిద్దకుండానే దాటే దారి ఉంది, అది మీ చేతిలోనే ఉంది. ఆ రాత్రి రిసెప్షన్‌కి పెట్టిన వాట్సాప్ మెసేజ్. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో టైమ్ రాత్రి 9:40, "మేడం, సార్ మెడ తిప్పిన దగ్గర్నుంచి కుడి చెయ్యి మొద్దుబారింది" అని ఉంది, కింద ఐస్ పెట్టండి అన్న జవాబు. అంటే ఆస్పత్రిలో సిలిండర్ కథ చెప్పకముందే అసలు సంగతి మీరు క్లినిక్‌కి చెప్పారు, వాళ్ళు కాదనలేదు. స్క్రీన్‌షాట్ ఒక్కటీ చాలదు. ఫోన్ మార్చకండి, రీసెట్ చేయించకండి, ఆ చాట్‌ని ఎవరూ ముట్టుకోకుండా చూడండి, దాన్ని భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో (ఫోన్‌లాంటి వాటిలోని సాక్ష్యానికి జత చేసే ధ్రువపత్రం) పెట్టాలి. దాంతోపాటు మీ వారి అఫిడవిట్, సిలిండర్ అని ఎందుకు చెప్పాడో దాచకుండా, అత్తగారి పేరుతో సహా. సిగ్గుగా ఉంటుంది, తప్పదు. అవతలివాడు బయటపెట్టే లోపు మనమే చెబితే కమిషన్ వినే తీరు వేరుగా ఉంటుంది. ఇన్సూరెన్స్ ఫారంలో కూడా సిలిండరే రాసి ఉంటే మీ లాయర్‌కి ముందే చెప్పండి.

ఆపరేషన్ చేసిన న్యూరోసర్జన్‌ని ఒక లెటర్ అడగండి, మెడ తిప్పడం వల్ల ఇలా అయ్యే అవకాశం ఉందా లేదా అని. వల్లే అయింది అని రాయమని ఒత్తిడి చేయకండి. ప్రతి కేసుకీ ఎక్స్‌పర్ట్ సాక్ష్యం అక్కర్లేదని 2010లో వి. కిషన్ రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, మీ కేసులో రెండు కారణాలు ఎదురెదురుగా ఉన్నాయి, ఆ లెటర్ లేకుండా వెళ్ళొద్దు.

తిప్పిన మనిషి ఎవరు అన్నది ఇంకో సంగతి. బోర్డు మీద డాక్టర్ అని ఉందన్నారు, ఏ డాక్టరో మీరు అడగలేదు, 8,000 కట్టేటప్పుడు బిల్లూ అడగలేదు. చీరకి ఫాల్ కుట్టడానికి కూడా మీరు చీటీ రాసిస్తారు కదమ్మా! మన దేశంలో డాక్టర్లకి ఉన్నట్టు కైరోప్రాక్టిక్‌కి విడిగా కౌన్సిల్ అంటూ లేదు, కాబట్టి ఆయన ఎంబీబీఎస్సా, ఫిజియోనా, నాలుగు నెలల కోర్సా అన్నది తేలాలి. జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసుకి పది రూపాయలతో ఆర్టీఐ పెట్టండి, ఆ క్లినిక్ ఏ పేరుతో, ఏ వైద్యానికి, ఎవరి క్వాలిఫికేషన్ మీద రిజిస్టర్ అయిందో అడగండి. తనకి అర్హత లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యం అని 1996లో పూనం వర్మ కేసులో సుప్రీంకోర్టు అంది, అక్కడ హోమియో ఆయన అల్లోపతి మందులిచ్చాడు. ఆర్టీఐ జవాబు మనకి కలిసొస్తే నిర్లక్ష్యం అన్న సగం పని అయిపోయినట్టే, కారణం అన్న సగం మాత్రం పైన చెప్పినట్టు నిరూపించాల్సిందే.

టైమ్ మాట. నోటీస్ ఇస్తే లిమిటేషన్, అంటే కేసు వేసే గడువు, ఆగుతుందని మీకు ఎవరు చెప్పారో గానీ తప్పు చెప్పారు. నోటీసుకీ ఆగదు, సెటిల్ చేస్తాం అన్న మాటకీ ఆగదు, పోలీస్ కంప్లైంట్‌కీ ఆగదు. 2019 వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్ళు, అంటే 2026 ఆగస్టు 19తో సరి. వాళ్ళు తిప్పుతున్నది కూడా అందుకే అయ్యుండొచ్చు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మన్నించే వీలుంది గానీ వాళ్ళు ఆశ పెట్టారు కాబట్టి ఆగాం అన్నది నమ్ముకోదగ్గ కారణం కాదు. నేనైతే జులై దాటనివ్వను.

ముందు ఆస్పత్రికి రాతపూర్వకంగా అప్లికేషన్ ఇచ్చి మొత్తం కేస్ షీట్ కాపీ తీసుకోండి, 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ రూల్స్‌లో ఉంది, అప్లికేషన్ రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. అందులో మీ వారు చెప్పిందే రాశారో, వేరే ఏమైనా రాశారో అప్పుడు తెలుస్తుంది, ఇప్పటిదాకా మీరు చూడనే లేదు! అడ్మిషన్ రికార్డులు మూడేళ్ళు ఉంచాలన్నదే రూల్, ఆ తర్వాత లేవంటే మీరేం చేయలేరు.

కేసు గుంటూరు జిల్లా కమిషన్‌లో వేయొచ్చు, విజయవాడ పోనక్కర్లేదు, మీరు ఉండే చోట వేసుకునే వీలు ఈ చట్టంలో ఉంది. ఫీజు లెక్క మీరు అడిగే పరిహారం మీద కాదు, క్లినిక్‌కి కట్టిన 8,000 మీద, ఐదు లక్షల దాకా ఫీజే లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. ఆస్పత్రి బిల్లులతో పాటు కుట్టుపని నష్టం కూడా అడగండి, దానికి మీ ఆర్డర్ల నోట్‌బుక్, 2024 ఆగస్టుకి ముందు నెలలవి, కస్టమర్లు ఫోన్‌పే చేసిన హిస్టరీతో కలిపి. ఆ నోట్‌బుక్ పాతదైపోయిందని పారేసి ఉంటే ఇప్పుడు కొత్తది రాసి పెట్టొద్దు, ఫోన్‌పే స్టేట్‌మెంట్ చాలు.