చెరువు కట్ట మీదుగా రేసు సీజన్

హనుమకొండ

తమ్ముడూ,

అక్టోబరు నుంచి టీంగా సైకిల్ రేసుల్లో దిగాలనీ, దాంతోపాటు పర్యావరణం కోసం ఏదైనా చెయ్యాలనీ ఉందని రాసినవు. ఆ "ఏదైనా" అన్న మాటతోనే చిక్కు. రెండు ర్యాలీలు, నాలుగు ప్లకార్డులు, ఒక మొక్కలు నాటే కార్యక్రమం పెట్టుకుంటే ఏడాది తిరిగేసరికి ఫొటోలు తప్ప ఏమీ మిగలవు, ప్రాక్టీసూ చెడుతుంది. అందుకే ఒక్కటే చెప్తున్న. మీరు ఎట్లాగూ వారం వారం ఒకే దారిలో తొక్కుతారు. ఆ దారి మీద ఒక్క చెరువును పట్టుకోండి. సీజన్ అంతా దాన్ని వదలొద్దు.

ముందు రేసుల సంగతి. మన దగ్గర రేసుకు పనికొచ్చే కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా. ఏప్రిల్, మే నెలల్లో పొద్దుగాల 8 లోపు ఇల్లు చేరాల్సిందే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానకాలం, నెమ్మదిగా కిలోమీటర్లు పోగేసుకునే సమయం. వారానికి 10 శాతం కంటే ఎక్కువ పెంచొద్దు. మూడు వారాలు పెంచి, నాలుగో వారం బాగా తగ్గించండి. ఆ తగ్గించే వారాన్ని కుర్రాళ్లు ఎగ్గొడతారు, మోకాళ్ల నొప్పులు అక్కడి నుంచే మొదలైతయి. సెప్టెంబరు చివర్లో ఒక పరీక్ష పెట్టుకోండి. మంచిగ వార్మప్ చేసి, 20 నిమిషాలు ఒకే తీరుగా శక్తికొద్దీ తొక్కి, సగటు గుండె వేగం రాసుకోవాలి. తొక్కే శక్తిని వాట్లలో చూపే పవర్ మీటర్ ఉంటే, సగటు వాట్లలో 95 శాతం మీరు చాలాసేపు నిలపగల హద్దు. అదే రోడ్డు మీద డిసెంబరులో మళ్లీ చేస్తే ఎవరు ముందుకు పోయిన్రో తెలుస్తది. రేసుకు ముందు వారం దూరం సగానికి తగ్గాలి, వేగం మాత్రం తగ్గొద్దు.

దారి ఎంచుకునేటప్పుడు పంటల కాలం చూసుకోండి. వానకాలం వరి కోతలు మొదలైతే రోడ్డు సగం కల్లమైతది. వడ్ల మీద టైరు ఎక్కిందంటే చక్రం కింద గోలీలు పోసినట్టే, బ్రేకు పట్టినా ఆగదు. వడ్ల చుట్టూ పెట్టే రాళ్లు మసక వెలుతురులో కనబడవు. కాబట్టి నవంబరులో ఊరి లోపలి రోడ్లు వద్దు. రైతుతో పేచీ అసలే వద్దు. ఆరబెట్టుకోను కల్లం లేకనే ఆయన రోడ్డుకొచ్చిండు. ములుగు రోడ్డు మీద ఇసుక లారీల నుంచి జారిన ఇసుక మలుపుల్లో అంచున పేరుకుంటది. మలుపుకు ముందే బ్రేకు వేసి, మలుపులో బ్రేకు ముట్టుకోకుండా తిరగాలి. మేడారం జాతర రెండేండ్లకోసారి, మాఘమాసంలో. ఆ ఏడు జనవరి నుంచి జాతర ముగిసే దాకా ఆ రోడ్డును మరిచిపోండి.

వానలు తగ్గినంక పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు మీ అసలు శత్రువులు. పల్లేరు కాయ ముల్లు టైరులో ఇరుక్కుని ఉంటది, కొత్త ట్యూబు వేసిన ఐదు నిమిషాలకే మళ్లీ గాలి పోతది. అందుకని ట్యూబు మార్చే ముందు టైరు లోపల గుడ్డ ముక్కతో చుట్టూ తుడవండి, ముల్లు గుడ్డకు తట్టుకుంటది. వేలితో తడమొద్దు. ప్యాచ్ ఊడిపోయేది సొల్యూషన్ ఆరకముందే అంటించడం వల్ల. ఉప్పు కాగితంతో నునుపు పోయేదాకా రుద్ది, సొల్యూషన్ పల్చగా పూసి, ఐదు నిమిషాలు వదిలేసి, వేలికి అంటనప్పుడు ప్యాచ్ పెట్టి గట్టిగా అదమాలి. మంచిగ వేసిన ప్యాచ్ ట్యూబంత కాలం ఉంటది, ఒక ట్యూబుకు ఆరేడు ప్యాచ్‌లున్నా సిగ్గుపడాల్సిన పని లేదు. 65 కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరైతే గాలి 75 పీఎస్‌ఐ చుట్టుపక్కల చాలు. తడి రోడ్డు మీద ఐదు పీఎస్‌ఐ తగ్గించండి. గాలి ఎంత గట్టిగా ఉంటే అంత వేగం అనుకోవడం పొరపాటు, మన రోడ్ల గతుకుల మీద గట్టి టైరు ఎగిరి శక్తి తింటది.

చైనును స్టీలు స్కేలుతో కొలవండి. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి చూస్తే పన్నెండు అంగుళాల గీత మీద ఇంకో పిన్ను మధ్య భాగం రావాలి. అది గీత దాటి అంగుళంలో పదహారో వంతు పోతే చైను మార్చే టైం వచ్చింది. ఆలస్యం చేస్తే వెనక పళ్ల చక్రాలు కూడా పోతయి, ఖర్చు నాలుగింతలైతది. చైను కడిగిన కిరోసిన్‌ను మోరీలో పోయొద్దు. మోరీ పోయి కలిసేది చెరువులోనే. సీసాలో పోసి రెండు రోజులు కదలకుండా ఉంచితే మట్టి అడుగుకు దిగుతది, పైది మళ్లీ వాడుకోవచ్చు. అడుగు మడ్డిని వాడిన ఇంజన్ ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇయ్యండి.

గుంపులో తొక్కేటప్పుడు పడిపోయేది ఎప్పుడూ వెనకున్నోడే. ముందు వాడి వెనక చక్రం పక్కకు నీ ముందు చక్రం పోయి ఉంటే, అతను గుంత తప్పించిన క్షణంలో నువ్వు నేల మీద ఉంటవు. చక్రం పక్కన చక్రం పెట్టొద్దు, వెనకే ఉండాలి. సరిగ్గా వెనక ఉంటే శ్రమ దాదాపు మూడో వంతు తగ్గుతది. ముందుండే వంతు నిమిషానికి మించొద్దు. ఆ వంతులో వేగం పెంచేవాడు బలవంతుడు కాదు, టీంను చీల్చేవాడు. హెల్మెట్ లేకుండా ఎవరినీ రోడ్డెక్కనియ్యొద్దు, పది నిమిషాల దూరానికైనా సరే. ప్రపంచ స్థాయి రేసుల్లోనే 2003లో ఒక రైడర్ తలకు దెబ్బ తగిలి చనిపోయినంక హెల్మెట్ తప్పనిసరి చేసిన్రు.

తిండికి షాపు జెల్ పాకెట్లు అవసరం లేదు. రెండు గంటలు దాటే రైడ్‌లో గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం కావాలి. మోస్తరు అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటది, పల్లిపట్టి ముక్కలు జేబులో పడతయి. లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, అన్నీ తలగొట్టిన చెంచాలే, అందులో నిమ్మకాయ పిండితే ఎండకు సరిపోతది. ఉప్పు అర చెంచా దాటనియ్యొద్దు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2021 నుంచి నిర్ణీత చోట్లు తప్ప రోడ్డు మీద చెత్త వేసిన రైడర్‌కు శిక్ష పెట్టింది. మీరూ ఆ నియమాన్ని ప్రాక్టీసు నుంచే పెట్టుకోండి. జెర్సీ వెనక కుడి జేబు ఖాళీ కవర్లకు, నడిమి జేబు తిండికి, ఎడమది ట్యూబుకు. ఆ అలవాటు లేకుండా చెరువు గురించి మాట్లాడితే ఊరోళ్లు ముందు మీ చెత్తనే చూపిస్తరు.

హైదరాబాద్ రేసుకు మూడు కార్లు తీయొద్దు. పెట్రోలు లీటరు మండితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తది. పోను రాను సుమారు 300 కిలోమీటర్లకు ఒక్క కారు 20 లీటర్లు తాగితే 46 కిలోలు. కాజీపేటలో రైలెక్కండి, చక్రాలు విప్పి సంచిలో కట్టిన సైకిళ్లను ముందు రోజే లగేజీలో బుక్ చేస్తే ఇబ్బంది ఉండదు.

ఇక చెరువు. భద్రకాళి, వడ్డేపల్లి పెద్దవి, వాటి మీద అందరి కండ్లూ ఉన్నయి. మీరు ఊరి చివర, పేరు పెద్దగా వినబడని దాన్ని పట్టుకోండి. ఇంటి నుంచి 12, 15 కిలోమీటర్ల లోపు ఉండాలి. కారణం చెప్తా. నీళ్లలో ఆక్సిజన్ తెల్లారేటప్పుడు అన్నిటికంటే తక్కువ ఉంటది. పగలు నాచు ఆక్సిజన్ వదులుతది, రాత్రంతా అదే నాచు పీల్చుకుంటది. మురుగు చేరిన చెరువులో చేపలు పొద్దుగాల తేలేది అందుకే. అదే చెరువు సాయంత్రం నాలుగింటికి కొలిస్తే ఏ లోపం లేనట్టు కనబడతది, అధికారులు ఆ అంకె చూపించి ఫైలు మూసేయొచ్చు. మీరు 5:45కు బయలుదేరి 6:30కు అక్కడ ఉంటరు. నీళ్లు అసలు సంగతి చెప్పే సమయం, మీ ప్రాక్టీసు సమయం ఒకటే. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

పోయేటప్పుడు నెమ్మదిగా పోండి, అదే వార్మప్. వంతు ప్రకారం ఇద్దరు కొలుస్తరు, మిగతావాళ్లు కూర్చోకుండా కట్ట మీద అటూ ఇటూ తిరగాలి, లేకుంటే కండరాలు చల్లబడతయి. 15 నిమిషాల్లో ముగించి, పది నిమిషాలు మెల్లగా తొక్కినంకనే గట్టి ఇంటర్వెల్స్ (కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా తొక్కుడు) మొదలుపెట్టాలి.

మూడు చోట్లు చాలు. మురుగు నాలా కలిసే చోటు, పొలాలకు నీళ్లు వదిలే తూము దగ్గర, నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి (అలుగు) దగ్గర. సీజన్ అంతా అవే మూడు. ఆక్సిజన్‌ను చుక్కల మందులతో కొలిచే కిట్లు దొరుకుతయి. సీసాను నీళ్లలో ముంచి, నీళ్ల కిందనే మూత పెట్టాలి. ఒక్క గాలి బుడగ ఉన్నా అంకె తప్పు. మొదటి రెండు మందులు అక్కడికక్కడే కలపాలి, ఇంటికి తెచ్చి కలిపితే లెక్క పనికిరాదు. ఆ మందుల్లో గాఢమైన ఆమ్లం, క్షారం ఉంటయి కాబట్టి చేతులకు గ్లోవ్స్ తొడుక్కోండి. వాడిన ద్రవాన్ని చెరువులో పారబోయకుండా వేరే సీసాలో వెనక్కి తెండి. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చేపలకు ముప్పు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చేపల పెంపకానికి పెట్టిన కనీస హద్దు అదే. నీళ్ల మసక కొలవడానికి 20 సెంటీమీటర్ల రేకు బిళ్లను నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు రంగులెయ్యండి. పది సెంటీమీటర్లకో ముడి వేసిన తాడుతో దించి, కనబడకుండా పోయిన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనబడ్డ లోతు, రెండింటి సగటు రాసుకోండి. అడుగు తగిలితే "అడుగు తగిలింది" అని రాయండి, ఊహించి అంకె వెయ్యొద్దు. అదే చోట నిలబడి అదే దిక్కుకు ఒక ఫొటో. గుర్రపుడెక్క ఎంత మేర పాకిందో పది వారాల ఫొటోలు వరుసగా పెడితే ఎవరూ కాదనలేరు.

అన్నిటికంటే విలువైన ఫొటో మత్తడి దుంకే రోజుది. మత్తడి అంచు దాకా నిండిన నీటిమట్టమే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవల్). ఆ రోజు నీళ్లు ఎక్కడిదాకా ఉన్నయో అదే చెరువు అసలు హద్దు, శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమిలో లేచిన గోడలు ఆ రోజు నీళ్లలో నిలబడి కనబడతయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎదురుచూసి ఆ రోజు పోండి. కానీ పొర్లే మత్తడి మీదికి, నీళ్లు పారే లోలెవల్ వంతెన మీదికి ఒక్కరూ దిగొద్దు. మోకాలి లోతు లేకున్నా ఆ పారుడు మనిషిని కొట్టుకపోతది. 2023 జూలై వానలకు హనుమకొండ, వరంగల్ కాలనీలు ఎట్ల మునిగినయో అందరికీ తెలుసు. కాకతీయుల నాటి నుంచి మనవి గొలుసుకట్టు చెరువులు, పైదాని మత్తడి నీళ్లు కిందిదానికి పోవాలి. నడుమ నాలా మూసుకుంటే నీళ్లు ఇండ్లలోకే వస్తయి. బతుకమ్మల రోజుల్లో కట్ట మీదికి వచ్చే పెద్దమ్మలను అడగండి, వాళ్ల చిన్నప్పుడు బతుకమ్మను ఎక్కడ నిమజ్జనం చేసేవాళ్లో చూపిస్తరు. ఆ చోటు కూడా మీ మ్యాపులో గుర్తు పెట్టండి.

డిసెంబరుకల్లా పది వారాల అంకెలు ఉంటయి. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి ఒక్క పేజీ, ఒక్క కోరిక. "చెరువును కాపాడండి" అని రాస్తే ఎవరి బల్ల మీదా నిలవదు. "ఫలానా సర్వే నంబరు దగ్గర కలిసే మురుగు నాలాను మళ్లించాలి" అని రాయండి. మురుగు అయితే మున్సిపల్ కార్పొరేషన్, తూము, కట్ట అయితే నీటిపారుదల శాఖ, భూమి అయితే రెవెన్యూ. కోరిక ఎవరిదో వాళ్ల పేరే రాయాలి. అర్జీ నంబరు తీసుకోకుండా బయటికి రావొద్దు. దాంతోపాటు సమాచార హక్కు కింద ఎఫ్‌టీఎల్ మ్యాపు, హద్దు రాళ్ల వివరాలు అడగండి, 30 రోజుల్లో జవాబు ఇయ్యాలి. పట్టణ నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. టేపుతో కొలవండి, కానీ ఇంటోళ్లతో గొడవ పెట్టుకోవద్దు. ఆ ప్లాటు అమ్మినోడు వేరు, అందులో ఉండేటోడు వేరు.

మొక్కలంటే పర్యావరణ దినమని జూన్ 5న నాటొద్దు. అప్పటికి మన దగ్గర ఇంకా ఎండలే. రెండు మంచి వానలు పడ్డంక కానుగ, వేప, రావి నాటండి, ఎండాకాలం నీళ్లు పోసే వంతులు ఆ రోజే రాసుకోండి. పోయలేనన్ని నాటొద్దు, పన్నెండు మందికి పన్నెండు మొక్కలు చాలు. మట్టి కట్ట మీద మాత్రం గుంతలు తీయొద్దు. పెద్ద చెట్ల వేళ్ల వెంబడి నీళ్లు ఊరి కట్ట బలహీనమైతది.

ఫిబ్రవరిలో ఆ చెరువు దారి మీదనే మీరే ఒక టైం ట్రయల్ (ఒక్కొక్కరినీ విడిగా వదిలి టైం కొలిచే రేసు) పెట్టండి, 10 కిలోమీటర్లు పోయి రావడం. నిమిషానికి ఒకరిని వదిలితే 40 మందికి 40 నిమిషాలు. పోలీసుల అనుమతికి నెల ముందే అర్జీ పెట్టండి, ప్రతి కూడలికి ఇద్దరు మనుషులు, ఒక అంబులెన్సు, దగ్గరి దవాఖానకు ముందే కబురు. తిరిగే చోట ఇసుక ఊడ్చండి, టైం ట్రయల్‌లో పడేది అక్కడే. 20 లీటర్ల క్యాన్లు నాలుగు, ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోవాలి, నీళ్ల పాకెట్లు వద్దు. బ్యానరు బట్టదే కావాలి. 100 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లు 2022 జూలై 1 నుంచి నిషేధం. నంబర్లు కూడా బట్ట మీదే వేసి, నాలుగు పిన్నులతో కట్టించి, రేసు అయినంక వెనక్కి తీసుకోండి. గెలిచినోళ్లకు బహుమతులిచ్చే చోట ఆ పది వారాల అంకెలు పెద్ద అక్షరాల్లో రాసి పెట్టండి. సర్పంచ్‌నో కార్పొరేటర్‌నో పిలిచి, ప్రజావాణి అర్జీ నంబరు ఆ కింద రాయండి. మైకు పట్టి చదవాల్సిన పని లేదు, నిలబడి చదివేటట్టు ఉంటే చాలు.

ఈ ఆదివారమే ఆ మూడు చోట్లు చూసి రండి. సంచిలో కిట్టు, బిళ్ల, తాడు, వాడిన మందుకు సీసా, నోటుబుక్కు, రెండు పెన్నులు. చలి పొద్దున ఒక పెన్ను మొరాయిస్తది.

మీ అన్న