రికార్డు రూమ్ అంటే పనిష్మెంట్ పోస్టింగ్ కాదండీ

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. హిస్టరీ ఆఖరి సెమిస్టర్‌లో ఉంది. ఆర్కైవ్స్, రికార్డ్స్ మేనేజ్‌మెంట్ చదువుతానని పట్టుబట్టింది. ఢిల్లీలో డిప్లొమా ఉందంటోంది. కన్సల్టెన్సీ వాళ్లేమో అమెరికాలో మాస్టర్స్ చేయించండి, లేదంటే ఇంగ్లండ్ పంపండి అంటున్నారు. అమెరికా అయితే 40 లక్షల లోన్ కావాలట. మా బావమరిది అవన్నీ వద్దు, డేటా సైన్స్‌కి మార్చమంటాడు. నేను రెవెన్యూలో 32 ఏళ్లు చేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. పాత కాగితాల మధ్య కూర్చునే పనికి మళ్లీ ఇంత చదువా? ఢిల్లీ, అమెరికా, ఇంగ్లండ్ పోల్చి ఏది మంచిదో చెప్పండి.
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: పోలుస్తాను గానీ, మీ అసలు బెంగ అది కాదు. "పాత కాగితాల మధ్య కూర్చునే పని" అన్నారు చూడండి, అక్కడుంది. మీ ఆఫీసుల్లో ఎవరి మీదైనా పైవాళ్లకు కోపమొస్తే రికార్డు రూమ్‌కి వేసేవాళ్లు. దుమ్ము, చెదలు, గుడ్డి బల్బు. కన్నకూతురు కోరి కోరి అక్కడికే పోతానంటే మనసు చివుక్కుమనడం సహజమే. సరిగ్గా ఇదే బాధతో నా దగ్గరకొచ్చిన తండ్రుల్లో మీరు మొదటివారు కాదు. బ్యాంకుల్లో, కోర్టుల్లో పనిచేసినవాళ్లే ఎక్కువ.

ఒక్క మాట అడుగుతాను. 32 ఏళ్లు ఫైళ్ల మీద ఆర్.డిస్., డి.డిస్. అని రాశారు కదా. ఆర్.డిస్. అయితే శాశ్వతంగా ఉంచాలి, డి.డిస్. అయితే 10 ఏళ్లు దాటాక తీసెయ్యొచ్చు. ఏ కాగితం ఎన్నాళ్లు ఉండాలో తేల్చడం, ఉంచినదాన్ని వరసలో పెట్టడం, ఎవరైనా అడిగిన రోజున అది దొరికేలా చూడటం, మీ అమ్మాయి చదువుతానంటున్నది ఇదే. మీరు సర్వీసులో పడి నేర్చుకున్న పనిని ఆమె పద్ధతిగా చదివి చేస్తానంటోంది. దాన్ని మీరే చులకన చేస్తే ఎలాగండీ? ఊరి భూముల వివరాలన్నీ రాసి ఉండే ఆర్.ఎస్.ఆర్. రిజిస్టర్లో ఒక్క పేజీ చిరిగిపోతే ఊళ్లో రెండు కుటుంబాలు ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరుగుతాయో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇక ఉద్యోగాల సంగతి. దాచను, తక్కువే. కేంద్ర ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్కివిస్టు పోస్టులు, అంటే ఆ రికార్డులు చూసుకునే ఉద్యోగాలు, యూపీఎస్సీ ద్వారా పడతాయి గానీ, ఏటా పడవు. పడినా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చట్టాలు మాత్రం ఘనంగానే ఉన్నాయి. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు తమ అధికారుల్లో ఒకరిని రికార్డ్స్ ఆఫీసరుగా నియమించాలి. నియమాలు కాదని రికార్డు నాశనం చేస్తే 5 ఏళ్ల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2005 సమాచార హక్కు చట్టంలో కూడా నాలుగో సెక్షన్ మొదలయ్యేదే రికార్డులకు కేటలాగు, ఇండెక్సు ఉండాలని. కానీ ఆ రికార్డ్స్ ఆఫీసరు పని ఉన్న ఆఫీసరు నెత్తినే అదనంగా పడుతుంది తప్ప కొత్త కొలువు పుట్టదు. చట్టం ఉంది కాబట్టి వేల ఉద్యోగాలొస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

ప్రభుత్వం బయట కొంత మెరుగు. ముంబైలో గోద్రెజ్ ఆర్కైవ్స్, పుణేలో టాటా సెంట్రల్ ఆర్కైవ్స్, బెంగళూరులో ఎన్.సి.బి.ఎస్. అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో సైన్స్ చరిత్ర కోసం 2019లో తెరిచిన ఆర్కైవ్స్ ఉన్నాయి. రికార్డ్స్ మేనేజ్‌మెంట్ వైపు వస్తే హైదరాబాద్ ఫార్మా కంపెనీలు కనిపిస్తాయి. ప్రతి బ్యాచ్ రికార్డునూ ఇన్నేళ్లు దాచాలన్న నిబంధన ఉంటుంది, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు అడిగితే అప్పటికప్పుడు తీసి చూపించాలి. అక్కడ ఈ పనిని పాత కాగితాలని ఎవరూ అనరు.

అమెరికా గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, నా అనుమానాలన్నీ అక్కడే. ఆర్కైవ్స్ అక్కడ ఎక్కువగా ఎం.ఎల్.ఐ.ఎస్. అనే లైబ్రరీ డిగ్రీలో ఒక భాగం. బోస్టన్‌లో సిమన్స్, మేరీల్యాండ్, మిచిగన్ మంచి చోట్లే, చదువుకి వంక పెట్టను. చదువయ్యాక ఏంటన్నదే నా ప్రశ్న. కొత్తగా వచ్చినవాళ్లకు దొరికేవి చాలావరకు ప్రాజెక్ట్ ఆర్కివిస్టు ఉద్యోగాలు. గ్రాంటు డబ్బుతో ఏడాదికో రెండేళ్లకో తీసుకుంటారు, గ్రాంటు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. అలాంటి పోస్టుకి వీసా స్పాన్సర్ చేసేంత ఓపిక ఏ సంస్థకుంటుంది? వాళ్ల నేషనల్ ఆర్కైవ్స్ ఫెడరల్ ఉద్యోగాలు పౌరులకే. ఇంకో మెలిక కూడా ఉంది. చదువయ్యాక ఒక ఏడాది పనిచేసుకోనిస్తారు. ఇంకో రెండేళ్లు కావాలంటే డిగ్రీ స్టెమ్ కోడ్ కింద, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల చదువుల జాబితాలో ఉండాలి. ఇన్ఫర్మేషన్ సైన్స్ కోడ్ అయితే ఉంటుంది, లైబ్రరీ సైన్స్ కోడ్ అయితే ఉండదు. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం మీద ఏ కోడ్ పడుతుందో మీ కన్సల్టెన్సీ ఆయన్ని అడగండి. నీళ్లు నమిలితే అక్కడి నుంచే లేచి వచ్చేయండి.

ఈ చదువుకి ఇల్లు తాకట్టు పెట్టి 40 లక్షలు తెమ్మని నేను చచ్చినా చెప్పను. పూర్తి స్కాలర్‌షిప్ వస్తే అది వేరే మాట. నాకు తెలిసిన ఒకమ్మాయి అలా అప్పు చేసి వెళ్లి, రెండు ప్రాజెక్టులు చేసి, ఇప్పుడు అక్కడే ఒక ఆఫీసులో బిల్లింగ్ చూస్తోంది. పిల్ల తెలివైనదే. లెక్కే కుదరలేదు.

ఇంగ్లండ్ కోర్సు ఒక్క ఏడాదే. లండన్ యూనివర్సిటీ కాలేజీ, లివర్‌పూల్ 1947 నుంచీ ఈ చదువు చెబుతున్నాయి. అయితే వాళ్లు ముందే ఏదైనా ఆర్కైవ్స్‌లో పనిచేసిన అనుభవం చూస్తారు. అంటే అది ఇప్పుడు కాదు, తర్వాత.

మిగిలింది ఢిల్లీ. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ నడిపే ఏడాది డిప్లొమా. ఎంట్రన్స్, అర్హతలు నోటిఫికేషన్‌లో ఉంటాయి, అమ్మాయి చూసుకుంటుంది. 1891లో కలకత్తాలో పుట్టిన సంస్థ అది. పాఠం విన్న చోటే అసలు కాగితాలుంటాయి. చివికిన కాగితాన్ని బాగుచెయ్యడం దగ్గర్నుంచి, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తేల్చడం దాకా చేత్తో చేసి నేర్చుకుంటారు. లోన్ ఊసే అక్కర్లేదు. నా ఓటు దీనికే.

మీ బావమరిదికి నా నమస్కారం. హిస్టరీ మీద ప్రాణం పెట్టిన పిల్లని డేటా సైన్స్‌కి మారిస్తే ఆ గుంపులో చివరి వరసలో నిలబడుతుంది.

డిజిటైజేషన్ మోజు గురించి కూడా అమ్మాయికి చెప్పండి. 2025 కేంద్ర బడ్జెట్‌లో జ్ఞాన భారతం మిషన్ కింద కోటికి పైగా రాతప్రతుల సంగతి చూస్తామన్నారు. మంచిదే. కానీ ఇలాంటి పనుల్లో కింద దొరికేవి చాలావరకు స్కానర్ ముందు పేజీలు తిప్పే కాంట్రాక్టు కొలువులు. ఆర్కివిస్టు పని అది కాదు. ఆ కాగితం ఏ ఆఫీసులో, ఏ ఫైల్లోంచి, ఏ వరసలోంచి వచ్చిందో రాసిపెట్టేవాళ్లు లేకపోతే కోటి ఫొటోలుంటాయి, ఏది దేనిదో తెలియదు.

ఆమెను నిజంగా నిలబెట్టేది భాష. హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కన్ కాగితాలు లక్షకు పైగా ఉన్నాయి. అన్నీ ఫార్సీ, అదీ షికస్తా అనే గొలుసుకట్టు రాత. చదవగలిగినవాళ్లు ఎంతమంది మిగిలారు? నేషనల్ ఆర్కైవ్స్‌లో ప్రాచ్య భాషల రికార్డులకు వేరే ఆర్కివిస్టు పోస్టులే ఉన్నాయి. ఢిల్లీలో ఉన్న ఏడాదిలోనే ఫార్సీ మొదలుపెట్టమనండి.

కంగారు పడకండి. రేపు ఇది కుదరకపోయినా ఎం.ఏ. ఎక్కడికీ పోదు. నెట్ రాయొచ్చు, గ్రూప్స్ రాయొచ్చు, మ్యూజియం వైపు వెళ్లొచ్చు. ఒక్క ఏడాది గురించి ఇంత టెన్షన్ అవసరం లేదు. పెళ్లి మాట మీరు రాయలేదు గానీ, ఉత్తరం నిండా అదే వినబడుతోంది. ఏడాది ఆగితే ఏ సంబంధమూ పారిపోదు.

పాత కరణాల గొలుసుకట్టు తెలుగు చదవడం మీకు వచ్చే ఉంటుంది, మీ తరం తర్వాత అది పోయింది. నోటిఫికేషన్ పడేలోపు రోజూ ఓ అరగంట అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని అది నేర్పండి. ఇంట్లో పాత దస్తావేజులుంటే వాటితోనే మొదలుపెట్టండి.