అమ్మాయి కంపైలర్ల మీద పడింది, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం, భీమవరం దగ్గర చదువుతోంది. తోటి పిల్లలంతా ఫుల్‌స్టాక్, ఏఐ కోర్సులు చేస్తుంటే తను మాత్రం మాలాక్ నల్ ఇస్తుందా ఇవ్వదా అన్నది జీసీసీ కంపైలర్ ఎలా ఊహిస్తుందో చూస్తూ రాత్రిళ్లు కూర్చుంటోంది. అడిగితే ‘బ్రాంచ్ ప్రిడిక్షన్ నాన్నా’ అంటుంది. దీనికి ఉద్యోగాలు ఉంటాయా? అమీర్‌పేటలో ఏదైనా కోచింగ్‌లో చేర్పించమంటారా?

జవాబు: ముందు మీరు టెన్షన్ తగ్గించుకోండి సార్. ‘మాలాక్ బ్రాంచ్ ప్రిడిక్షన్ ఇంజనీర్’ అని ఏ కంపెనీలోనూ పోస్టు ఉండదు, అది నిజమే. కానీ మీ అమ్మాయి పట్టుకున్న దారం లాగితే వచ్చేది కంపైలర్ ఇంజనీరింగ్, అంటే మనం రాసిన ప్రోగ్రామ్‌ని చిప్‌కి అర్థమయ్యే భాషలోకి మార్చే కంపైలర్లని తయారు చేసే పని. అది మంచి రంగం, కాకపోతే ఇరుకు రంగం.

మీకు అర్థమయ్యేలా చెప్తాను. ప్రోగ్రామ్ ‘నాకు ఇంత మెమరీ కావాలి’ అని అడిగే ఫంక్షన్ మాలాక్. దొరికితే ఆ చోటు చిరునామా (పాయింటర్) వస్తుంది, దొరక్కపోతే నల్, అంటే ‘ఏమీ లేదు’ అని వస్తుంది, అందుకే జాగ్రత్త ఉన్నవాళ్లు ప్రతిసారీ ‘నల్ వచ్చిందా’ అని ఒక ఇఫ్ రాస్తారు. ఆ ఇఫ్ దగ్గర ప్రోగ్రామ్ ఏ దారిన వెళ్తుందో ముందే ఊహించడమే బ్రాంచ్ ప్రిడిక్షన్. లినక్స్‌లో మామూలు సెట్టింగుల మీద కొద్దికొద్దిగా మెమరీ అడిగినప్పుడు నల్ రావడం చాలా అరుదు, ఎందుకంటే కెర్నల్ (లినక్స్ గుండెకాయ) చేతిలో ఉన్నదానికన్నా ఎక్కువే ఇస్తానని ఒప్పేసుకుని, తీరా వాడినప్పుడే నిజమైన పేజీ (మెమరీ ముక్క) కేటాయిస్తుంది. జీసీసీ కూడా మాలాక్ ఇచ్చిన పాయింటర్ నల్ కాదనే గట్టిగా ఊహించి, ఎప్పుడో గానీ వాడని సామాను అటకెక్కించినట్టు ఎర్రర్ వస్తే నడిచే కోడ్‌ని చివరికి తోసేస్తుంది. రోజూ నడిచే దారి జంపులు లేకుండా వరసగా ఉంటుంది, ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌లో (ప్రాసెసర్ కోడ్‌ని దగ్గర పెట్టుకునే చిన్న మెమరీలో) చోటు వృథా కాదు. అంతే విషయం.

ఉద్యోగాల సంగతి. కొత్త ప్రాసెసర్ చిప్ తయారు చేసే ప్రతి కంపెనీకీ కంపైలర్ కావాలి. క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్, ఎన్విడియా లాంటివాటికి హైదరాబాద్, బెంగళూరుల్లో ఆఫీసులు ఉన్నాయి. తోటి పిల్లలంతా ఏఐ కోర్సులు చేస్తున్నారన్నారు కదా, ఆ ఏఐ మోడళ్లని జీపీయూ మీద వేగంగా నడిపించే ట్రైటన్, ఎక్స్‌ఎల్‌ఏ, టీవీఎం, ఎంఎల్‌ఐఆర్ ఇవన్నీ కంపైలర్ పనులే, ఆ కోర్సులమ్మేవాళ్లు మాత్రం ఈ మాట చెప్పరు. ఇబ్బంది ఎక్కడంటే ఖాళీలు తక్కువ, మామూలు కాలేజీ క్యాంపస్‌కి వచ్చి ఫ్రెషర్‌ని కంపైలర్ టీమ్‌లోకి తీసుకోవడం ఇంకా తక్కువ. ఎక్కువమంది ఐఐఎస్‌సీ, ఐఐటీల్లో ఎంటెక్ లేదా రీసెర్చ్ డిగ్రీ చేసి వెళ్తారు. ఐఐటీ హైదరాబాద్‌లోనే ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ ప్రాజెక్టు మీద పనిచేసే గ్రూపు ఉంది. కాబట్టి ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ సీరియస్‌గా రాయించండి, మూడో సంవత్సరంలోనే రాయొచ్చు, స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. ఒక్క మాట, గేట్‌లో కంపైలర్ డిజైన్‌కి వచ్చేది కొన్ని మార్కులే, దాన్ని నమ్ముకుని మ్యాథ్స్, ఆల్గారిథమ్స్ వదిలేస్తే సీటు రాదు.

ఇక్కడి నుంచి అమ్మాయికి చూపించండి.

అమ్మా, చదవడం ఆపి కొలవడం మొదలుపెట్టు. ఇంటర్వ్యూలో ఇలా అడగొచ్చు: కంపైలర్ ఊహకీ, ప్రాసెసర్ ఊహకీ తేడా ఏంటి? చాలామంది రెండూ కలిపేస్తారు. ప్రాసెసర్ ప్రోగ్రామ్ నడుస్తుండగా ఆ బ్రాంచ్ చరిత్ర చూసి తనే నేర్చుకుంటుంది. కంపైలర్ ఊహ ముఖ్యంగా కోడ్‌ని ఏ వరసలో పేర్చాలో, ఏ ఫంక్షన్‌ని పిలిచిన చోటే పరిచెయ్యాలో (ఇన్‌లైన్) తేల్చడానికి. నీ చిన్న లూప్‌లో లక్షసార్లు మాలాక్ పిలిచి ‘అన్‌లైక్లీ’ (ఇది జరగడం అరుదు అని కంపైలర్‌కి చెప్పే గుర్తు) పెట్టి, తీసి టైమ్ చూస్తే బహుశా ఏ తేడా కనపడదు, ఎందుకంటే మాలాక్ చేసే పని ముందు ఆ ఒక్క పోలిక ఎంత? తేడా రాలేదని రిపోర్టులో అలాగే రాయి. ‘40 శాతం వేగం పెంచాను’ అని రెజ్యూమెలో రాసేవాళ్లని రెండు ప్రశ్నల్లో పట్టేస్తారు.

అసలు ఆసక్తికరమైన ప్రయోగం వేరే ఉంది. మాలాక్‌ని చుట్టిన నీ సొంత ఫంక్షన్ ఒకటి వేరే ఫైల్లో పెట్టు, లోపల ఏముందో కంపైలర్‌కి కనపడకూడదు. అప్పుడు జీసీసీకి మిగిలేది ‘పాయింటర్ సాధారణంగా నల్ కాదు’ అనే బలహీనమైన ఊహ, ఇది 1993లో బాల్, లారస్ రాసిన పేపర్ నాటి ఆలోచన. అదే ఫంక్షన్ డిక్లరేషన్‌కి ‘మాలాక్’ యాట్రిబ్యూట్ (ఇది మాలాక్ లాంటిదే అని కంపైలర్‌కి చెప్పే గుర్తు) తగిలించి ప్రొఫైల్ ఎస్టిమేట్ డంప్ (కంపైలర్ తన ఊహల్ని రాసే ఫైలు) తీసి చూడు, ఊహ బలం మారుతుంది. ఎర్రర్ దారిలో పొడవైన మెసేజ్ కోడ్ పెట్టి, అసెంబ్లీలో ఆ బ్లాక్ రెండు సందర్భాల్లో ఎక్కడ పడిందో పక్కపక్కన పెట్టి చూపించు. కానీ ఆ యాట్రిబ్యూట్‌ని కనపడిన ప్రతిదానికీ అంటించకు, తిరిగి వచ్చే పాయింటర్ మరే పాయింటర్‌తోనూ చోటు పంచుకోదని నువ్వు మాట ఇస్తున్నావు దానితో. రీఅలాక్ లాంటి వాటికి అది కుదరదు, పెడితే తప్పుడు కోడ్ రావచ్చు.

తర్వాత బిల్ట్‌ఇన్ ఎక్స్‌పెక్ట్, అంటే ఏ దారి ఎక్కువసార్లు నడుస్తుందో నువ్వే చెప్పడం, దానికి జీసీసీ డిఫాల్ట్‌గా 90 శాతం నమ్మకం ఇస్తుంది. లినక్స్ కెర్నల్‌లో లైక్లీ, అన్‌లైక్లీ మాక్రోల వెనక ఉన్నది ఇదే. చివరగా ప్రోగ్రామ్‌ని నడిపి ప్రొఫైల్ తీసి, దానితో మళ్లీ కంపైల్ చెయ్యడం, అక్కడ ఊహ బదులు నిజమైన లెక్కలుంటాయి. ఇదంతా ఎల్‌ఎల్‌వీఎం వాళ్ల కంపైలర్ క్లాంగ్‌తో కూడా చేసి రెండూ పోల్చు. ఇంత శ్రద్ధగా రాసిన ఒక్క రిపోర్టు, పది టు-డూ యాప్‌ల కన్నా నయం అని నా గట్టి అభిప్రాయం. ఎల్‌ఎల్‌వీఎం రిపోలో కొత్తవాళ్ల కోసం గుర్తుపెట్టిన చిన్న ఇష్యూలు ఉంటాయి, ఒక టెస్ట్ కేస్ చేర్చడంతో మొదలుపెట్టు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి (ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేయించే కార్యక్రమం) అప్లై చేసేటప్పుడు అది పనికొస్తుంది, జీసీసీ, ఎల్‌ఎల్‌వీఎం రెండూ అందులో పాల్గొంటూ వచ్చాయి. డేటా స్ట్రక్చర్స్, సీ ప్లస్ ప్లస్ మాత్రం వదలకు, క్యాంపస్‌కి వచ్చే మామూలు కంపెనీలు అడిగేది అవే, ఆఫర్ ఒకటి చేతిలో ఉంటే గేట్ ప్రశాంతంగా రాయొచ్చు.

సార్, కోచింగ్ ఇప్పుడు వద్దు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో కంపైలర్ డిజైన్ పాఠాలు ఉచితం. ఆ డబ్బుతో ల్యాప్‌టాప్‌లో ర్యామ్ కనీసం 16 జీబీ చేయించండి, ఎస్‌ఎస్‌డీ లేకపోతే అదీ వేయించండి. ఎల్‌ఎల్‌వీఎం డీబగ్ బిల్డ్ 8 జీబీలో లింకింగ్ (ముక్కల్ని కలిపి ఒక ప్రోగ్రామ్ చేసే దశ) దగ్గర చతికిలబడుతుంది, అప్పుడు మాలాక్ నల్ ఇవ్వదు, కెర్నల్ నేరుగా లింకర్‌నే చంపేస్తుంది. ఎందుకో అమ్మాయిని అడగండి, చెప్తుంది.