పానా పట్టే ముందు ఈ ఉత్తరం చదువు

అమ్మీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఈ పెదనాయనకు ఫోన్ చేసింది. "బావా, నీ కూతురు మధ్యాహ్నం నుంచి బండి బానెట్ ఎత్తుకొని కూర్చుంది. సంగటి చల్లారిపోయింది, పిలిస్తే పలకదు. నువ్వన్నా చెప్పు" అని. కోపంగానే మొదలుపెట్టింది గానీ మాట చివర నవ్వింది. అంతా విన్నాక నాకు నిద్ర పట్టలేదు. రెండేండ్లుగా వేపచెట్టు కింద కోళ్లకు గూడైపోయిన పికప్‌ను మళ్లీ రోడ్డెక్కిస్తావంట. మన టమాటా బాక్సులు దళారికి వదిలెయ్యకుండా నువ్వే కడపకు తోలతావంట. ముప్పై ఎనిమిదేండ్లు షెడ్డులో నల్ల చేతులతో బతికినోణ్ణి నేను. నా కొడుకులిద్దరూ ఆ పని వద్దనుకున్నారు. నా పానాల పెట్టె ఎవరి చేతిలో పెట్టాలా అని చాలా రోజులుగా దిగులుపడతా ఉన్నాను. ఆ మాట ఇక్కడ ఆపుతా. లేకపోతే అసలు విషయం రాయలేను.

స్టార్టవుతాది, మిస్ కొడతాది, తెల్లపొగ కక్కుతాది, తొక్కితే బండంతా వణుకుతాది. మీ అమ్మ చెప్పింది ఇంతే. నువ్వు నాజిళ్లు, అదే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ముక్కులు, విప్పుతానని అన్నావంట కదా. విప్పొద్దు. ఈ ఉత్తరం మొత్తం చదివేదాకా పానా పక్కన పెట్టు.

ముందు నీ ఒంటి సంగతి. చున్నీ తీసి ఇంట్లో పెట్టు. జడ చుట్టుకొని ముడేసుకో. గాజులు తియ్యి, మీ అమ్మ ఏమన్నా అననీ. ఇంజన్ తిరిగేటప్పుడు ఫ్యాన్ రెక్కలు కంటికి ఆనవు, అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. గుడ్డ కొస తగిలిందంటే మనిషిని లాక్కునేదాకా వదలదు. బ్యాటరీ దగ్గర ఇనుప గాజు తగిలితే చెయ్యి కాలిపోతుంది. ఇది ఆడపిల్లవని చెప్పడం లేదు. మా షెడ్డులో మగపిల్లోళ్ల మెడలో తాయెత్తులు కూడా తీయించినాను.

హ్యాండ్ బ్రేకు వెయ్యి, చక్రాలకు రాళ్లు పెట్టు, గేరు న్యూట్రల్ చెయ్యి. బ్యాటరీ టెర్మినళ్లు గీకి బిగించు. ఎయిర్ ఫిల్టర్‌లో ఎలుకలు గూడు కట్టినాయేమో చూడు. ఇంజన్ ఆయిల్ కొలిచే కర్ర తీసి చూడు. ఆయిల్ మజ్జిగ మాదిరి తెల్లగా ఉంటే నీళ్లు కలిసినట్టు, అప్పుడు ఏ పనీ చెయ్యకుండా నాకు ఫోన్ చెయ్యి.

ఇప్పుడు చెవి పని. మన బండి 2008 మోడల్ డీఐ (సిలిండర్‌లోకే నేరుగా డీజిల్ చిమ్మే రకం), 2523 సీసీ, నాలుగు సిలిండర్లు. అవి 1-3-4-2 వరుసలో మండుతాయి. క్రాంక్, అంటే ఇంజన్ లోపలి పెద్ద ఇరుసు, అరచుట్టు తిరిగితే ఒకటి, ఇంకో అరచుట్టుకు ఇంకొకటి. పీర్ల పండగకు నలుగురు వరసగా తప్పెట కొట్టేటప్పుడు ఒకడు చెయ్యి ఎత్తేస్తే ఎట్ల తెలుస్తుంది? ప్రతి నాలుగో దెబ్బ దగ్గర సందు పడుతుంది, తప్పకుండా అక్కడే పడుతుంది. ఒక సిలిండర్ చచ్చిపోతే అట్ల వినిపిస్తుంది. అట్ల కాకుండా ఒకసారి బాగుండి, ఒకసారి రెండు దెబ్బలు పోయి, మళ్లీ తేరుకొని, లెక్కాపత్రం లేకుండా మిస్ కొడితే తప్పు ఏ ఒక్క సిలిండర్‌దీ కాదు. నలుగురికీ డీజిల్ సరిగ్గా అందడం లేదు. గాలి పట్టి ఉంటుంది, లేదంటే నీళ్లు, లేదంటే ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది. సైలెన్సర్ కొసకు జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి ఆ ఊపిరి చూడు. చెవి మోసం చేసినా చెయ్యి మోసం చెయ్యదు.

చెవి మోసం చేస్తుందని ఎందుకు రాస్తున్నానంటే, ఇన్నేండ్లుగా నీకు చెప్పనిది ఒకటి చెప్పాలి. మీ నాయన ఎడమ మోచేతి మీద ఆ పొడుగు మచ్చ చింతచెట్టు మీద నుంచి పడినప్పటిదని నీకు చెప్పినాం కదా. అది అబద్ధం. ఆ మచ్చ నా వల్ల వచ్చింది.

1999లో నాకు ఒక పాత డీజిల్ పికప్ ఉండేది. పగలు షెడ్డు, రాత్రి లోడు. అప్పటికే కడపలో నా చెవికి పేరు. కండ్లు మూసుకొని ఏ సిలిండర్ పోయిందో చెప్తానని జనం అనేవాళ్లు, నేనూ నమ్మినాను. ఆ శ్రావణంలో నా బండికే మిస్ పట్టుకుంది. విన్నాను, "నాజిల్" అన్నాను. నాలుగూ మార్చినాను. రెండు రోజులు బాగా నడిచింది, మళ్లీ మొదలైంది. "అయితే పంపే" అని నాజిళ్లకు డీజిల్ తోసే పంపు దించి, కొలత సరిచేసే కాలిబ్రేషన్‌కు పంపినాను. అంతా కలిపి తొమ్మిది వేలు అయింది. అప్పుడు నాకు మూడు నెలల సంపాదన అది, మీ పెద్దమ్మ కమ్మలు కుదవ పెట్టినాను. పంపు బిగించి, ట్యాంకు నిండా డీజిల్ పోయించి తిప్పితే బండి పాట పాడినట్టు పోయింది. షెడ్డులో అందరికీ టీలు తాగించినాను.

మీ నాయన అప్పుడు నా దగ్గర క్లీనర్. పంపు విప్పకముందే వాడు నాతో అన్నాడు. "అన్నా, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బాగుంటాది. సగానికి దిగితేనే ఇట్ల చేస్తాది. నేను రెండు మూడు సార్లు చూసినా" అని. నేను ఏమన్నానో తెలుసా? "పానా పట్టడం రానోడివి, నాకు చెప్పేంత అయినావా" అన్నాను. పదిమంది ముందర అన్నాను. వాడు తల వంచుకొని బకెట్ తీసుకొని పోయినాడు. ఆ నడక ఇప్పటికీ నా కండ్లలో ఉంది.

మూడో రాత్రి రాయచోటిలో టమాటా లోడు ఎత్తుకొని కడపకు బయల్దేరినాం. గువ్వలచెరువు దాటి కొండ ఘాటు రోడ్డు దిగుతున్నాం. ట్యాంకు సగం కంటే తక్కువ. రెండో మలుపు దగ్గర మూడు నుంచి రెండో గేరుకు దించుదామని క్లచ్ తొక్కినాను. ఇంజన్ రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. బండి న్యూట్రల్లో ఉంది, లోడు వెనక నుంచి తోస్తా ఉంది. గేరు పడలేదు. బ్రేకు తొక్కినాను, పట్టింది. మళ్లీ తొక్కినాను, సగం పట్టింది. మూడోసారి కాలి కింద పెడల్ బండరాయి అయిపోయింది. ఈ డీజిల్ బండ్లలో బ్రేకుకు బలం ఇచ్చే వ్యాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ మీద ఉంటుంది. ఇంజన్ తిరిగితేనే అది తిరుగుతుంది. ఇంజన్ ఆగితే బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కులకే సరి. ఇది నాకు తెలుసు, పదిమందికి చెప్పినోణ్ణి. ఆ క్షణంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఊరికే పెడల్‌ను తంతా ఉన్నాను. ఎడమవైపు కొండ, కుడివైపు ఏముందో చీకట్లో కనపడదు. స్టీరింగ్ కొండవైపు తిప్పినాను. కాలువలోకి దిగి మట్టికట్టను గుద్దుకొని ఆగింది. మీ నాయన చెయ్యి కిటికీ అద్దంలోంచి బయటికి పోయింది. వాని ఒళ్లో పడిన టమాటాలు ఏవో, రక్తం ఏదో నాకు తెలియలేదు. చేత్తో తడిమి తడిమి చూసినాను.

వాడు ఒక్క మాట అనలేదు అమ్మీ. ఆసుపత్రిలో కుట్లు వేస్తుంటే "అన్నా, బాక్సులు ఎన్ని మిగిలినాయి" అని అడిగినాడు.

వారం తర్వాత ట్యాంకు దించినాను. లోపల డీజిల్ పీల్చే సక్షన్ పైపు ఉంటుంది. అది నడిమికి తుప్పు పట్టి, సూదితో పొడిచినట్టు ఒక్క బెజ్జం ఉంది. నూనె ఆ బెజ్జం పైన ఉన్నంతసేపు ఏమీ కాదు. కిందికి దిగితే, లేదా ఏటవాలు రోడ్డులో నూనె ఒక పక్కకు జరిగితే, డీజిల్‌తో పాటు గాలి పీలుస్తుంది. మీ నాయన చెప్పింది అక్షరాలా అదే. ఆ పైపు ఖర్చు లెక్క వేస్తే నూరు రూపాయలు కూడా కాదు.

అందుకే నిన్ను నాజిళ్ల దగ్గర మొదలుపెట్టొద్దనేది. ట్యాంకు దగ్గర మొదలుపెట్టు. డీజిల్ వచ్చే దోవ పట్టుకొని నడువు. రెండేండ్లు నిలబడ్డ ట్యాంకులో నీళ్లు పేరుకొని ఉంటాయి. పాత డీజిల్ అంతా దించి గాజు సీసాలో పట్టి పది నిమిషాలు పెట్టు, నీళ్లుంటే అడుక్కు దిగి గీత కనిపిస్తుంది. ఫిల్టర్ కొత్తది వెయ్యి. మన ఎండకు రబ్బరు పైపులు పగిలి ఉంటాయి, వంచి చూడు. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకో. ట్యాంకు నుంచి, డీజిల్‌ను లాగే ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో పగులుంటే డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలే లోపలికి పోతుంది. కింద చుక్క పడలేదని పైపు బాగుందనుకోవద్దు. నేల పొడిగా ఉండడం చూసి మోసపోయినోళ్లలో నేనొకణ్ణి.

పరీక్ష సులువు. ఐదు లీటర్ల క్యానులో కొత్త డీజిల్ పోసి, బానెట్ కంటే పైన కదలకుండా కట్టి, వేరే పైపుతో సీదా ఫీడ్ పంపుకు ఇయ్యి. సైలెన్సర్‌కు, వేడి భాగాలకు దూరంగా కట్టు. ఫిల్టర్ మీద గాలి తీసే బోల్టు సడలించి, చేతి పంపు కొట్టు. ముందు నురుగు వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి బుడగ లేని డీజిల్. అప్పుడు బిగించు. స్టార్ట్ చేసి పది నిమిషాలు తిప్పు. మిస్ పోయిందా, తప్పు క్యానుకు వెనక, అంటే ట్యాంకు వైపు ఉంది. పోలేదా, ముందుకు నడువు.

అప్పటికీ ఒకే దరువు తప్పుతుంటేనే సిలిండర్ల జోలికి పో. ఇంజన్ నిదానంగా తిరుగుతుండగా నాజిల్ మీది పైపు నట్టును గుడ్డ కప్పి అరచుట్టు సడలిస్తారు. ఇంజన్ ఇంకా కుంటితే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. ఏ తేడా లేకపోతే చచ్చింది అదే. కానీ ఇది మన బండి మాదిరి పాత పంపు బండికి మాత్రమే. కామన్ రైల్ బండికి, అంటే ఇప్పటి కంప్యూటర్ డీజిల్ బండికి, ఎన్నడూ చెయ్యొద్దు, అక్కడ ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. మన దాంట్లోనే రెండు వందల బార్లు దాటుతుంది. మోటారు సైకిల్ టైరులో ఉండే గాలి రెండు బార్లకు అటూ ఇటూ. ఆ చిమ్మే డీజిల్ సూది లేకుండానే చర్మంలోకి దూరుతుంది. మా షెడ్డులో ఒక పిల్లోనికి వేలికి తగిలింది, చీమ కుట్టినట్టుందని పని చేసుకున్నాడు. సాయంత్రానికి మోచేతి దాకా వాచింది. నీకు అట్ల తగిలితే నొప్పి లేకపోయినా ఆ నిమిషమే పెద్దాసుపత్రికి పోయి, డీజిల్ దూరిందని చెప్పాలి. ఈ పరీక్ష నేను వచ్చేదాకా ఆగు. అడుగుతున్నా, ఆగు.

చచ్చిన సిలిండర్ దొరికితే దాని నాజిల్‌ను పక్కదానితో మార్చి చూస్తాం. మిస్ నాజిల్‌తో పాటు పక్క సిలిండర్‌కు జరిగితే నాజిల్‌ది తప్పు. జరగకపోతే ట్యాపెట్లు, వాల్వులు, కంప్రెషన్ చూడాలి. నాజిల్ తీసిన ప్రతిసారీ కింద రాగి వాషర్ కొత్తది వెయ్యాలి, పాతదాన్ని తిప్పి వేసే పిసినారితనం వద్దు. తెల్లపొగ కండ్లు మండించి పచ్చి డీజిల్ వాసన కొడితే నూనె మండకుండా బయటికి వస్తున్నట్టు. వాసన లేకుండా రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే సిలిండర్ల పైమూత, అంటే హెడ్ సంగతి చూడాలి. రేడియేటర్ మూత వేడి మీద తెరవొద్దు.

బాగైందనుకున్నాక ట్యాంకు నింపి తిప్పి సంతోషపడొద్దు. పావు ట్యాంకుతో, ఊరి చుట్టూ ఉన్న మిట్టపల్లాల మీద, ఖాళీ బండితో మూడు రోజులు తిప్పు. ఒక్కసారి దగ్గినా ఘాటు వైపు పోవద్దు. పోయిన రోజున దిగేటప్పుడు రెండో గేరు పైనే వేసుకొని దిగు, మలుపులో క్లచ్ తొక్కొద్దు. దిగేటప్పుడు ఇంజన్ ఆగితే క్లచ్ వదిలెయ్. గేరులో ఉంటే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, బండిని పట్టి ఆపుతాయి, బ్రేకుకు బలం తిరిగి వస్తుంది. పెడల్‌ను ఊరికే తన్నొద్దు, ఒక్కసారి గట్టిగా తొక్కి పట్టుకో. ఇది రోజూ పడుకునే ముందు మనసులో ఒకసారి చేసుకో. నాకు ఆ రాత్రి గుర్తు రానిది నీ కాలికి గుర్తుండాలి.

ఆదివారం పొద్దున రాయచోటి బస్సుకు వస్తా. పానాల పెట్టె, రాగి వాషర్లు, చూసేందుకు పారదర్శకంగా ఉండే పైపు రెండు మీటర్లు తెస్తా. గువ్వలచెరువులో బస్సు ఆగితే మీ నాయనకు పాలకోవా తీసుకుంటా. ఈలోపల నువ్వు ఒక పని చెయ్యి. వానికి నడుము బాగలేదు గానీ చెవులు బాగున్నాయి. మంచం బండి దగ్గరికి వేయించి, బండి ఎప్పుడు, ఎంత నూనె ఉన్నప్పుడు, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా మిస్ కొట్టేదో అడుగు. వాడు చెప్పేది ఒక్క ముక్క వదలకుండా రాసిపెట్టు. నేను రాగానే ముందు అది చదువుతా.

మీ పెదనాయన